కరెంటు లేని క్యాంపులో సీప్యాప్ యంత్రాన్ని చప్పుడు లేకుండా నడపడం: సమగ్ర మార్గదర్శి

స్లీప్ ఆప్నియా ఉన్నవారు నిద్రపోగానే గొంతు వెనుక కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు వారిని తట్టి లేపుతుంది. రాత్రంతా ఇదే పదే పదే జరుగుతుంది. మాస్కు ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో గాలి పంపి ఆ దారి మూసుకుపోకుండా చూసే పద్ధతిని ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ బృందం రూపొందించి 1981లో ప్రచురించింది. ఆ పద్ధతితో పనిచేసే సీప్యాప్ యంత్రం నేడు లక్షలాది పడకల పక్కన ఉంటోంది. దానికి రాత్రంతా కరెంటు కావాలి కాబట్టి, చాలామంది యంత్రం వాడడం మొదలుపెట్టాక అడవుల్లో, కొండల్లో గుడారం వేసుకుని గడపడం మానేస్తారు, లేదా రెండు రాత్రులే కదా అని యంత్రాన్ని ఇంట్లో వదిలి వెళతారు. మొదటిది అనవసరమైన త్యాగం, రెండోది అనవసరమైన ప్రమాదం. కొంచెం లెక్క, ఒక చిన్న బ్యాటరీ, ఇంట్లో ఒక రాత్రి పరీక్ష ఉంటే ఈ రెండూ అక్కర్లేదు.

ఈ వ్యాసానికి కాలిఫోర్నియాలోని యోసెమిటీ జాతీయ ఉద్యానవనాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలోని తెలుగు కుటుంబాలు వేసవిలో తరచుగా వెళ్లే చోటు అది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు కూడా ఆ ప్రయాణంలో ఉంటారు, వారిలో సీప్యాప్ వాడేవారూ ఉంటారు. అక్కడి క్యాంపు స్థలాల్లో గుడారం పక్కన కరెంటు ప్లగ్గు ఉండదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలి. జనరేటరును పగటివేళ మాత్రమే, అదీ పొదుపుగా నడపాలి. పైగా 50 అడుగుల దూరంలో దాని చప్పుడు 60 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా జాతీయ ఉద్యానవనాల నియమావళి చెబుతోంది. అంటే మనకు కరెంటు కావలసిన ఎనిమిది గంటలూ జనరేటరు ఆపి ఉంచవలసిన గంటలే. నియమం లేని చోట కూడా గుడారం దగ్గర జనరేటరు గానీ, కారు ఇంజను గానీ రాత్రంతా నడపకూడదు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారిని అది లేవనివ్వదు.

కాబట్టి మిగిలిన దారి బ్యాటరీ. అయితే పెద్ద బ్యాటరీ కొనడంతో మొదలుపెట్టడం తప్పుడు క్రమమని నా గట్టి అభిప్రాయం. ముందు యంత్రం వాడకాన్ని తగ్గించుకుంటే, చేతితో మోయగల చిన్న బ్యాటరీయే సరిపోతుంది. అంత చిన్న బ్యాటరీకి ఫ్యాను గానీ, ఇన్వర్టరు గానీ అవసరం పడదు కనుక నిశ్శబ్దం కోసం విడిగా ఏమీ చేయనక్కర్లేదు.

మొదటి మెట్టు: మీ యంత్రం నిజంగా ఎంత తీసుకుంటుందో కొలవండి

యంత్రంతో వచ్చిన అడాప్టరును తిప్పి చూడండి. రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 అడాప్టరు మీద 24 వోల్టులు, 90 వాట్లు అని, ఎయిర్‌సెన్స్ 11 మీద 24 వోల్టులు, 65 వాట్లు అని ఉంటుంది. ఫిలిప్స్ డ్రీమ్‌స్టేషన్ 12 వోల్టులతో నడుస్తుంది. ఈ వోల్టుల సంఖ్యను రాసి పెట్టుకోండి, ముందు ముందు అది కావాలి. వాట్ల సంఖ్యను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. అది అడాప్టరు ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి మాత్రమే. 90ని 8 గంటలతో గుణించి, రాత్రికి 720 వాట్ అవర్లు కావాలనుకుని, మోయలేనంత బరువైన బ్యాటరీ కొన్నవారు చాలామంది ఉన్నారు.

అసలు వాడకం తెలియాలంటే గోడ సాకెట్‌కూ అడాప్టరుకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు ఒకటి కొనండి. అది ఒక రాత్రిలో మొత్తం ఎన్ని వాట్ అవర్లు ఖర్చయ్యాయో చూపాలి. ఆ క్షణంలో ఎన్ని వాట్లో మాత్రమే చూపేది ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఊపిరి పీల్చి వదిలే ప్రతిసారీ, నీటిని వేడిచేసే హీటరు ఆగి వెలిగే ప్రతిసారీ ఆ సంఖ్య మారుతూ ఉంటుంది. మొదటి రాత్రి మామూలుగా వాడే అమరికలతోనే పడుకుని, ఉదయం కనిపించిన సంఖ్యను నోట్ చేసుకోండి.

రెండో మెట్టు: వేడిని ఆపండి

ఈ మార్గదర్శిలో ఒక్క మెట్టే పాటించగలిగితే ఇదే పాటించండి. గాలిని నెట్టే మోటారు చాలా తక్కువ తింటుంది. 10 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి (సీప్యాప్ గాలి ఒత్తిడిని ఈ కొలమానంలోనే చెబుతారు) దగ్గర, వేడి లేకుండా, చాలా యంత్రాలు సగటున 6 నుంచి 10 వాట్లతో నడిచిపోతాయి. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ హీటరును, వేడెక్కే గొట్టాన్ని కలిపి వాడితే అదే యంత్రం అంతకు నాలుగైదు రెట్లు లాగుతుంది. బయట చల్లగా ఉన్నకొద్దీ హీటరు ఇంకా ఎక్కువ సేపు వెలుగుతుంది కాబట్టి ఇంట్లో కొలిచిన సంఖ్య కంటే క్యాంపులో మరింత ఖర్చవుతుంది.

ముందుగా మీ నిద్ర వైద్యుడిని అడగండి. కొన్ని రాత్రులు వేడి తేమ లేకుండా గడపడం చాలామందికి ఇబ్బంది కాదు గానీ, ముక్కు నుంచి రక్తం వచ్చేవారు, సైనస్ శస్త్రచికిత్స జరిగినవారు, యంత్రంతో పాటు ఆక్సిజన్ కూడా పెట్టుకునేవారు సొంతంగా నిర్ణయం తీసుకోకూడదు. వైద్యుడు సరేనన్నాక యంత్రం మెనూలో హ్యూమిడిఫయర్‌ను, గొట్టం ఉష్ణోగ్రతను ఆఫ్ చేయండి. వేడెక్కే గొట్టానికి బదులు మామూలు గొట్టం పెట్టుకుంటే ఇంకా మంచిది. నీటి తొట్టిలో నీళ్లు ఉంచి హీటరు మాత్రం ఆపినా, గాలి ఆ నీటి మీదుగా వెళ్తూ కొంత తేమను తీసుకుంటుంది. చాలామందికి ఆ కాస్త తేమే చాలు. పడుకునే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకోవడం కూడా మేలు చేస్తుంది. ఎయిర్‌మినీ లాంటి ప్రయాణపు యంత్రాలకు నీరు అక్కర్లేకుండా, మనం వదిలిన ఊపిరిలోని తేమనే పట్టి తిరిగి ఇచ్చే చిన్న గుళిక ఉంటుంది. అలాంటి యంత్రం ఇంట్లో ఉంటే క్యాంపుకు దాన్నే తీసుకెళ్లండి.

మరో రెండు చిన్న పొదుపులు ఉన్నాయి. యంత్రంలో ఏరోప్లేన్ మోడ్ ఉంటే వేయండి. సెల్ సిగ్నల్ అందని లోయలో యంత్రంలోని మోడెం దాని కోసం వెతుకుతూ ఉండనక్కర్లేదు. మాస్కు అంచుల్లోంచి గాలి కారిపోతుంటే మోటారు ఎక్కువ కష్టపడుతుంది, పక్కవారికి బుస్సుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది, కాబట్టి పాతబడిన మాస్కు కుషన్‌ను ప్రయాణానికి ముందే మార్చండి. కరెంటు ఆదా కోసం వైద్యుడు నిర్ణయించిన ఒత్తిడిని మాత్రం తగ్గించకండి. అది మందు మోతాదుతో సమానం.

అమరికలు మార్చాక ఇంట్లోనే మరో రాత్రి పడుకుని, మీటరు మళ్లీ చూడండి. రెండు సంఖ్యల మధ్య తేడా చూశాక ఈ మెట్టు మీద ఎందుకింత పట్టుబట్టానో మీకే తెలుస్తుంది.

మూడో మెట్టు: ఇన్వర్టరును మధ్యలోంచి తీసేయండి

బ్యాటరీ ఇచ్చేది డీసీ కరెంటు, యంత్రానికి కావలసిందీ డీసీ కరెంటే. మధ్యలో ఇన్వర్టరు పెడితే అది డీసీని ఏసీగా, అంటే గోడ సాకెట్‌లో వచ్చే రకం కరెంటుగా మార్చాలి, అడాప్టరు దాన్ని మళ్లీ డీసీగా మార్చాలి. రెండు మార్పుల్లోనూ శక్తి వేడిగా పోతుంది, ఆ వేడిని తోసేయడానికి ఇన్వర్టరు ఫ్యాను తిరుగుతుంది, గుడారంలో అర్ధరాత్రి నిద్ర చెడగొట్టేది చాలాసార్లు ఆ ఫ్యానే. అంతకంటే కనిపించని నష్టం ఒకటుంది. ఇన్వర్టరు ఏ పనీ చేయకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 5 నుంచి 15 వాట్లు తినేయగలదు. 8 వాట్లు అనుకున్నా 8 గంటలకు 64 వాట్ అవర్లు. వేడి ఆపిన సీప్యాప్ రాత్రంతా తీసుకునేది దాదాపు అంతే.

అందుకని మీ యంత్రం తయారీదారు అమ్మే డీసీ కన్వర్టరు తీగను కొనండి. 24 వోల్టుల యంత్రానికైతే అది కారు సాకెట్‌లోని 12 వోల్టులను 24కు పెంచి ఇస్తుంది. 12 వోల్టుల యంత్రానికైతే తగిన తీగ ఉంటే నేరుగా సరిపోతుంది. 24 వోల్టుల యంత్రానికి నేరుగా 12 వోల్టులు ఇస్తే అది పనిచేయదు. ప్లగ్గు లోపల పట్టేసినంత మాత్రాన వోల్టేజీ, ధన రుణ ధ్రువాలు సరిపోయాయని అనుకోకండి. ఊపిరి ఆధారపడిన యంత్రం విషయంలో ఇంట్లో అతుకులేసిన తీగలతో ప్రయోగాలు వద్దు. విడి బ్యాటరీ వాడేవారు కారు సాకెట్ తీగకు బ్యాటరీ ధన ధ్రువానికి దగ్గరలో ఫ్యూజు తప్పక పెట్టించుకోవాలి, తీగ మందంగా, పొట్టిగా ఉండాలి. సన్నటి పొడవాటి తీగలో వోల్టేజీ పడిపోతే కన్వర్టరు మధ్యలో ఆగిపోతుంది.

ఏ కారణం చేతనైనా ఇన్వర్టరే వాడవలసి వస్తే గోడ సాకెట్‌లో వచ్చేలాంటి ఏసీనే ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం మాత్రమే వాడండి. చౌకగా దొరికే మాడిఫైడ్ సైన్ వేవ్ ఇన్వర్టర్ల మీద అడాప్టర్లు, ముఖ్యంగా హ్యూమిడిఫయర్ ఉన్న యంత్రాలవి, వేడెక్కి పాడవవచ్చు.

నాలుగో మెట్టు: బ్యాటరీ పరిమాణం లెక్క

లెక్క కాగితం మీద రెండు నిమిషాల పని. వేడి ఆపాక మీ మీటరు 8 గంటలకు 70 వాట్ అవర్లు చూపిందనుకుందాం. మూడు రాత్రులకు 210. డీసీ కన్వర్టరులో పోయే నష్టానికి 0.9తో భాగిస్తే సుమారు 233. చలికి తగ్గే సామర్థ్యం, బ్యాటరీ వయసు, ఒక గంట అదనపు నిద్ర, వీటన్నిటి కోసం పావు వంతు కలిపితే 291. అంటే 300 వాట్ అవర్ల బ్యాటరీతో, మధ్యలో ఒక్కసారి కూడా ఛార్జి చేయకుండా, మూడు రాత్రులు గడుస్తాయి.

ఇప్పుడు అదే మనిషి వేడి తేమతో, ఇన్వర్టరుతో వెళ్లాడనుకుందాం. రాత్రికి 350 చొప్పున 1,050. ఇన్వర్టరు నష్టానికి 0.85తో భాగిస్తే 1,235. పావు వంతు కలిపితే 1,544. ఐదు రెట్లు పెద్ద బ్యాటరీ, దానికి తగ్గ బరువు, ధర, ఫ్యాను చప్పుడు. రెండో, మూడో మెట్లు ఎంత పని చేశాయో ఈ రెండు సంఖ్యలే చెబుతున్నాయి.

బ్యాటరీల మీద రాసే సంఖ్యలు చదవడం కూడా తెలియాలి. ఆంపియర్ అవర్లను వోల్టులతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి: 12.8 వోల్టుల, 30 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 384 వాట్ అవర్లు ఉంటాయి. పవర్ బ్యాంకుల మీద ఉండే మిల్లీ ఆంపియర్ అవర్ల సంఖ్య లోపలి సెల్లు వోల్టేజీ ప్రకారం వేసింది. 26,800 అని పెద్దగా రాసి ఉన్నా, 3.7 వోల్టులతో గుణిస్తే అది 99 వాట్ అవర్లే. పాత పద్ధతి లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే త్వరగా చెడిపోతుంది కాబట్టి, దాని మీద రాసినదాంట్లో సగమే మనదని లెక్కవేయాలి. కారు బ్యాటరీ మీద ఆధారపడడం ఇంకా నష్టం. అది ఇంజను స్టార్టు చేయడానికి ఒక్కసారిగా శక్తినిచ్చేలా చేసినది, రాత్రంతా నెమ్మదిగా ఖాళీ చేస్తే తెల్లారి కారు కదలకపోవచ్చు.

ఐదో మెట్టు: చప్పుడు చేయని బ్యాటరీని ఎంచుకోవడం

రెండు దారులున్నాయి. ఒకటి, విడి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, దానికో కారు సాకెట్, ఒక ఫ్యూజు, ఒక ఛార్జరు. దీనిలో కదిలే భాగమే లేదు కాబట్టి చప్పుడనే మాటే ఉండదు. ఖాళీ అయ్యే దాకా వోల్టేజీ పెద్దగా పడిపోదు. తీగలు కలపడం చేతనైనవారికి నేను సిఫారసు చేసేది ఇదే. రెండోది పవర్ స్టేషన్ పేరుతో దొరికే పెట్టె. దానిలో అన్నీ సిద్ధంగా ఉంటాయి, తల్లిదండ్రులకు నేర్పించడం తేలిక. కానీ కొనేముందు మూడు విషయాలు చూడాలి.

దాని కారు సాకెట్ రెగ్యులేటెడ్ అయి ఉండాలి, అంటే లోపలి బ్యాటరీ తగ్గుతున్నా బయటికి వచ్చే వోల్టేజీ స్థిరంగా ఉండాలి. లేకపోతే లోపల ఇంకా ఛార్జి ఉండగానే తెల్లవారుజామున సీప్యాప్ ఆగిపోతుంది. రెండోది, ఈకో మోడ్ లేదా ఆటో ఆఫ్ అనే సదుపాయం. వాడకం చాలా తక్కువగా ఉంటే ఏమీ తగిలించలేదనుకుని పెట్టె తనంతట తాను ఆగిపోతుంది. వేడి ఆపిన సీప్యాప్ లాగే ఆ 7, 8 వాట్లు దానికి ఏమీ లేనట్టే అనిపించవచ్చు. మనం చేసిన పొదుపే ఇక్కడ అడ్డు తగులుతుంది, కాబట్టి ఆ సదుపాయాన్ని ఆఫ్ చేయగలిగిన పెట్టెనే కొనాలి. మూడోది ఫ్యాను. కారు సాకెట్ నుంచి కొద్ది వాట్లు మాత్రమే తీసుకుంటున్నప్పుడు చాలా పెట్టెల ఫ్యాను తిరగదు. ఛార్జి అవుతున్నప్పుడు, ఏసీ సాకెట్ ఆన్ చేసినప్పుడు తిరుగుతుంది. అందుకని రాత్రి ఏసీ బటన్ ఆఫ్‌లో ఉండాలి, పెట్టె మీద వెలిగే తెర కూడా ఆఫ్ చేయాలి.

సీప్యాప్ యంత్రం సొంత చప్పుడు చాలా తక్కువ. ఎయిర్‌సెన్స్ 10కు తయారీదారు చెప్పేది సుమారు 27 డెసిబెల్స్. గుడారంలో వినిపించేది సాధారణంగా యంత్రం కాదు, మాస్కు లీకో, వణికే మడత బల్లో.

విమానంలో వచ్చేవారికి ఒక మాట. 100 వాట్ అవర్ల వరకు ఉన్న లిథియం బ్యాటరీని చేతి సామానులో తెచ్చుకోవచ్చు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. అంతకు మించినది ప్రయాణికుల విమానంలో కుదరదు. కాబట్టి ఇండియా నుంచి వచ్చే పెద్దవారు యంత్రం, మాస్కు, అడాప్టరు తెచ్చుకుంటే చాలు, బ్యాటరీ సంగతి అమెరికాలో ఉన్న పిల్లలు చూసుకోవాలి. అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే అమెరికా ఇళ్లలోని 120 వోల్టులకు ప్లగ్గు పిన్ను మార్పు తప్ప మరేమీ అక్కర్లేదు.

ఆరో మెట్టు: ఇంట్లోనే పూర్తి రాత్రి పరీక్ష

బయలుదేరడానికి కనీసం వారం ముందు, క్యాంపులో వాడబోయే బ్యాటరీ, తీగ, మాస్కు, అమరికలు అన్నీ అలాగే పెట్టి పడకగదిలో ఒక రాత్రంతా పడుకోండి. గంటసేపు నడిపి చూస్తే చాలదు. ఆటో ఆఫ్ లోపాలు, వోల్టేజీ పడిపోవడం లాంటివి తెల్లవారుజామునే బయటపడతాయి. ఉదయం బ్యాటరీ ఎంత మిగిలిందో చూసి నాలుగో మెట్టు లెక్కతో పోల్చండి. లెక్క కంటే ఎక్కువ ఖర్చయితే, వేడెక్కే గొట్టం ఇంకా ఆన్‌లోనే ఉండడం అందుకు సాధారణ కారణం. వీలైతే మరో రాత్రి పెరట్లోనో బాల్కనీలోనో, చల్లగాలిలో పరీక్షించండి. వేడి తేమ లేకుండా మీ ముక్కు, గొంతు ఎలా ఉంటాయో తెలుసుకోవలసింది కూడా అప్పుడే.

ఏడో మెట్టు: ఎక్కువ రాత్రులు ఉంటే మళ్లీ నింపడం

మూడు రాత్రులకు మించితే అతి తేలికైన దారి కారు. పగటిపూట ఎటూ ఒక చోటి నుంచి మరో చోటికి తిరుగుతాం. కారు సాకెట్‌కు సాధారణంగా 10 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, అంటే గరిష్ఠంగా 120 వాట్లు. రెండు గంటల ప్రయాణంలో రెండు రాత్రులకు సరిపడా శక్తి చేరుతుంది. ఎవరికీ ఇబ్బంది ఉండదు, అదనపు సామాను ఉండదు.

సౌరఫలకం మీద పెట్టుకునే ఆశలు మాత్రం కొంచెం తగ్గించుకోవాలి. 100 వాట్ల మడత ఫలకం బయలు ప్రదేశంలో, మంచి వేసవి ఎండలో రోజుకు 250 నుంచి 350 వాట్ అవర్లు ఇవ్వగలదు. యోసెమిటీ లోయలో గుడారాలు పైన్ చెట్ల కింద ఉంటాయి, ఇరువైపులా ఎత్తైన గ్రానైటు గోడలు ఉదయం, సాయంత్రం ఎండను అడ్డుకుంటాయి. ఒక్క కొమ్మ నీడ ఫలకం మూల మీద పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. అందుకని ఫలకం లేకుండానే గడిచేలా లెక్క వేసుకుని, అది ఇచ్చినదాన్ని అదనంగా భావించండి.

ఎనిమిదో మెట్టు: గుడారంలో అమరిక

యంత్రాన్ని పడుకున్న తల కంటే కింద ఉంచండి, గొట్టంలో చేరిన నీటిచుక్కలు మాస్కులోకి రాకుండా వెనక్కి పోతాయి. అయితే నేల మీద నేరుగా పెట్టకుండా, బోర్లించిన గట్టి డబ్బా మీదో చెక్క మీదో సమంగా నిలపండి. గాలి లోపలికి పోయే రంధ్రానికి స్లీపింగ్ బ్యాగు అడ్డుపడకూడదు. దుమ్ము ఉన్న చోట ఫిల్టరును రోజూ చూసి, ఒకటి అదనంగా వెంట ఉంచుకోండి. గొట్టాన్ని దుప్పటి లోపలి నుంచి తెచ్చుకుంటే మన ఒంటి వెచ్చదనంతో గాలి కాస్త వేడెక్కుతుంది, గొట్టంలో నీరు చేరడమూ తగ్గుతుంది. నీటి తొట్టిని ప్రతి ఉదయం ఖాళీ చేయాలి. నీళ్లతో ఉన్న యంత్రాన్ని వంచితే నీరు మోటారులోకి పోతుంది.

బ్యాటరీని గుడారంలోనే, నేల చల్లదనం తగలకుండా ఫోమ్ చాప ముక్క మీద ఉంచండి. చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది. 0 డిగ్రీల కంటే తక్కువలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని ఛార్జి చేస్తే శాశ్వతంగా దెబ్బతింటుంది, కాబట్టి మంచు పడిన ఉదయం అది కాస్త వెచ్చబడ్డాకే ఫలకానికో కారుకో తగిలించాలి.

యోసెమిటీలో ఎలుగుబంట్లు ఉన్నందున ఆహారంతో పాటు సువాసన వచ్చే ప్రతి వస్తువునూ అక్కడి ఇనుప పెట్టెల్లో దాచాలనే నియమం ఉంది. మాస్కు తుడిచే వాసన కాగితాలు, ముక్కుకు రాసే క్రీములు కూడా అందులోకే వస్తాయి. వాసన లేని రకాలు కొని, మాస్కును సబ్బు పూర్తిగా పోయేలా కడగండి.

ఎత్తు గురించి

యోసెమిటీ లోయ సుమారు 4,000 అడుగుల ఎత్తులో ఉంది, అక్కడ ఏ యంత్రానికీ ఇబ్బంది లేదు. అదే ఉద్యానవనంలోని టువాలమీ మెడోస్ క్యాంపు స్థలం మాత్రం 8,600 అడుగుల ఎత్తులో ఉంది. ఎయిర్‌సెన్స్ 10 పనిచేసే ఎత్తు 8,500 అడుగుల వరకేనని తయారీదారు చెబుతున్నాడు. ఎయిర్‌సెన్స్ 11కు ఆ హద్దు 9,870 అడుగులు. పలుచని గాలిలో అదే ఒత్తిడి ఇవ్వడానికి మోటారు ఎక్కువ తిరగాలి. అంతకంటే ముఖ్యమైనది, ఎత్తుకు వెళ్లినప్పుడు గాలి దారి తెరిచే ఉన్నా మెదడు ఊపిరికి ఆజ్ఞ ఇవ్వడం ఆపే రకం ఆప్నియా కొందరిలో పెరుగుతుంది, దానికి మామూలు సీప్యాప్ చాలకపోవచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవారిని వెంట తీసుకెళ్తుంటే లోయలోనే ఉండమని నా సలహా.

మధ్యరాత్రి కరెంటు పోతే

యంత్రం ఆగగానే మాస్కు తీసేయాలి, దాన్ని పెట్టుకునే పడుకోకూడదు. తల, భుజాలు కాస్త ఎత్తులో ఉండేలా బ్యాగులు పెట్టుకుని, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. క్యాంపులో ఉన్నన్నాళ్లూ మద్యం, నిద్రమాత్రలు వద్దు. అవి గొంతు కండరాలను మరింత సడలిస్తాయి. ఎవరికి సీప్యాప్ ఉందో, తీగ ఎక్కడ తగిలించాలో గుడారంలో మరొకరికైనా ముందే చూపించండి. తీవ్రమైన ఆప్నియా ఉన్నవారు ఒక రాత్రికి సరిపడే రెండో చిన్న బ్యాటరీని విడిగా ఉంచుకోవాలి. మూడు రాత్రుల శక్తిని ఒకే పెద్ద బ్యాటరీలో కాకుండా రెండింటిలో పంచుకోవడం నాకు ఎక్కువ నచ్చిన ఏర్పాటు. ఒకటి చెడినా ఆ రాత్రి గడుస్తుంది.

ఇంటికి వచ్చాక హ్యూమిడిఫయర్ అమరికలను తిరిగి పాత స్థితికి మార్చండి, ఏరోప్లేన్ మోడ్ తీసేయండి, ఫిల్టరు మార్చండి. బ్యాటరీని పూర్తిగా నింపో, పూర్తిగా ఖాళీ చేసో బీరువాలో పడేయకుండా, సగం పైచిలుకు ఛార్జితో చల్లటి చోట ఉంచి, కొన్ని నెలలకొకసారి చూసుకుంటూ ఉండండి. ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్నవారికి మారేడుమిల్లి, లంబసింగి ప్రయాణాలకూ, ఇంట్లో రాత్రిపూట కరెంటు పోయినప్పుడూ ఇదే బ్యాటరీ, ఇదే తీగ పనికొస్తాయి.